ఎనిమిది దసరాల గంధం

తెనాలి
2 మార్చి 2026

మధూ,

నువ్వు ఫోను వాడటం మానేసిన పుణ్యానికి ఈ వయసులో పోస్టాఫీసుకెళ్ళి కవర్లు కొన్నాను. కౌంటర్లో అమ్మాయి “ఇంకా ఉత్తరాలు రాస్తున్నారాండీ?” అని ఆశ్చర్యపోయింది. “మా బావమరిది డిజిటల్ అరెస్టులో ఉన్నాడమ్మా” అన్నాను. పాపం, కుర్చీ వెనక్కి జరుపుకుంది.

విషయానికొస్తాను. నా కంప్యూటర్ తెర నల్లగా అయిపోయింది. దీనికి కర్త మా చెల్లెలు సరోజిని మొగుడు వెంకటప్పయ్య. రేపల్లెలో వాడికి ఫొటో స్టూడియో ఉందని నీకు తెలుసు. మూఢం పోయింది, అధిక జ్యేష్ఠం వచ్చేలోపు జనం పెళ్ళిళ్ళన్నీ కానిచ్చేస్తున్నారు. ఆ వీడియోలు కత్తిరించడానికి వాడి కంప్యూటర్ చాలటం లేదట. మొన్న భోజనానికి వచ్చి, పెరుగన్నంలో ఉండగా “బావా, నీ దాంట్లో గ్రాఫిక్స్ కార్డు ఉందిగా, నాలుగు పేర్లు టైపు చేసుకునేవాడికి అదెందుకు? అది తీసేసినా మదర్‌బోర్డులోనే బొమ్మ చూపించే ఏర్పాటు వేరే ఉంటది” అన్నాడు. నేను సరే అనలేదు, కాదనలేదు. చెయ్యి కడుక్కుని, తుడుచుకోకుండానే స్క్రూడ్రైవర్ తీశాడు. అర ఇటుకంత కార్డు లాగి, తువ్వాల్లో చుట్టుకుని, ఐదింటి రైలుకి వెళ్ళిపోయాడు.

అప్పట్నుంచీ ఇదీ వరస. స్విచ్చి వేస్తే ఫ్యాను తిరుగుతుంది. లైట్లు వెలుగుతాయి. స్వాగతం చెప్పే చప్పుడు కూడా చేస్తుంది. తెర మీద మాత్రం సిగ్నల్ లేదని ఇంగ్లీషులో రాసిన చిన్న పెట్టె అటూ ఇటూ తిరుగుతూ ఉంటుంది. ఇక్కడి షాపతన్ని పిలిస్తే “అంతా చెరిపేసి మళ్ళీ ఎక్కిద్దాం సార్” అన్నాడు. కాఫీ ఇచ్చి పంపేశాను.

చెరపటానికి వీల్లేదు మధూ. అందులో మా వంశవృక్షం ఉంది. ఇంకెక్కడా ప్రతి లేదు. మే పదో తారీఖున వేమూరులో మా ఇంటిపేరు వాళ్ళందరూ కలుస్తున్నారు. ఆలోపు ప్రింటు తీయాలి. నువ్వు ఇరవై ఆరేళ్ళు కాలేజీ ల్యాబులో కంప్యూటర్లు బాగుచేసినవాడివి. ఏం చేయాలో రాయి.

మీ అక్కకి మాత్రం చెప్పకు. నలభై రోజులుగా మీ ఇంట్లో ఉంది, నా ఫోను ఎత్తటం లేదు. ఇక్కడ నేను హాయిగా వండుకు తింటున్నానని చెప్పు. అది కూడా ఆవిడ అడిగితేనే.

నీ బావ
చలపతిరావు

* * *

బాపట్ల
9 మార్చి 2026

బావగారికి మధుసూదన్ నమస్కారాలు.

మీరు పోస్టాఫీసులో వేసిన జోకు నాకు నవ్వు తెప్పించలేదు. పోలీసులమంటూ వీడియో కాల్లో నన్ను అరెస్టు చేసినవాళ్ళు రెండు రోజులు కెమెరా ముందు కూర్చోబెట్టారు, స్నానానికి కూడా లేవనివ్వలేదు. తర్వాత ఉన్నట్టుండి ఫోను పెట్టేశారు. అది మోసమని నాకూ తెలుసు, పోలీసులూ చెప్పారు. అయినా నిన్ను వదిలేశాం అని ఇప్పటిదాకా ఎవరూ అనలేదు. ఆ మాట ఎవరైనా అంటే బాగుండేదని రోజూ అనిపిస్తుంది. అందుకే గేటు దాటటం లేదు. అన్నిటికంటే ఘోరం, మొదట ఫోన్లో ఏడ్చింది వాళ్ళు కంప్యూటర్‌తో తయారుచేసిన మీ గొంతే. అచ్చం మీరే. అప్పట్నుంచి చేతిరాత తప్ప దేన్నీ నమ్మటం మానేశాను. మీ ‘ళ’ ఎవడూ కాపీ కొట్టలేడు.

అక్కకి చెప్పలేదు. ఆవిడ వంటింట్లో ఉంది. మీ ఉత్తరం ఆవిడ చూడలేదు.

అయితే బావగారూ, ఆ వంశవృక్షం గురించి అక్క ఇక్కడికొచ్చిన రోజే చెప్పింది. పదకొండు తరాలు, రెండు వందల పైచిలుకు మగాళ్ళు, ఒక్క ఆడపేరు లేదట. “మీ వంశంలో మగాళ్ళకి మగాళ్ళే పుట్టుకొచ్చారాండీ?” అని ఆవిడ అడిగితే, “వంశవృక్షం పద్ధతే అంత, నీకు తెలియదు ఊరుకో” అన్నారట మీరు. నలభై ఒక్క ఏళ్ళు వండిపెట్టిన మనిషిని ఊరుకోమంటే బట్టలు సర్దుకోదా? ఆ ఫైలు పోతే అక్క పాయసం వండుతుందేమోనని నా భయం.

ఇక సాయం. మానిటర్ తీగ ఎక్కడ ఉందో చూడండి. కార్డు ఉన్నప్పుడు అది డబ్బా వెనక కింది వరసలో, అడ్డంగా ఉన్న రంధ్రానికి ఉండేది. కార్డుతో పాటు ఆ రంధ్రమూ రేపల్లె వెళ్ళిపోయింది. పై వరసలో, కీబోర్డు మౌసు పెట్టేచోట, అలాంటి రంధ్రమే ఇంకొకటి ఉంటుంది. మదర్‌బోర్డుది అదే. తీగ దానికి పెట్టండి. వందకి తొంభై మంది చేసే తప్పు ఇదే.

మధుసూదన్

* * *

రేపల్లె
20 మార్చి 2026

మధూ,

తొంభై మందిలో నేనూ ఒకణ్ణే. తీగ దేనికీ లేకుండా గాల్లో వేలాడుతోంది. పై రంధ్రానికి పెట్టాను. కొంచెం బిగుతుగా ఉంది, బలంగా తోస్తే సగం దిగింది. తెర మాత్రం నలుపే.

దాంతో ఒళ్ళు మండి, కార్డు వెనక్కి తెచ్చుకుందామని రైలెక్కి రేపల్లె వచ్చాను. ఈ ఉత్తరం వెంకటప్పయ్య స్టూడియోలో, పెళ్ళివాళ్ళని కూర్చోబెట్టే సింహాసనం మీద కూర్చుని రాస్తున్నాను. వేరే కుర్చీ లేదు. కార్డు ఇవ్వనన్నాడు. ఓలేరు వాళ్ళ పెళ్ళిలో పెళ్ళికొడుకు సరిగ్గా తాళి కట్టేటప్పుడు తుమ్మాడట. ఆ తుమ్ము తీసేసి, ఆ మొహం మీద నిశ్చితార్థం నాటి మొహం అతికిస్తున్నారు. రెండు రోజులుగా నా కార్డు చేస్తున్న పని అదీ. “ఇప్పుడు పీకితే పెళ్ళికొడుక్కి మొహమే ఉండదు బావా” అన్నాడు. చూశాను, నిజంగానే లేదు. మెడ మీద బాసికం ఒక్కటే ఉంది.

నువ్వు పాయసం మాట రాశావు కాబట్టి చెప్తున్నాను. చెప్పకూడదనుకున్నాను.

మీ అక్క వెళ్ళిన మూడో రోజు ఆ వృక్షం తెరిచి చూశాను. ఆవిడ అడిగిందే నిజం. పదకొండు తరాల మగాళ్ళు ఎవరికీ పుట్టకుండా, ఎవర్నీ చేసుకోకుండా వరసగా నిలబడి ఉన్నారు. నాకే సిగ్గేసింది. సంచి తగిలించుకుని బయల్దేరాను. వేమూరు చుట్టుపక్కల మావాళ్ళున్న ప్రతి ఊరికీ బస్సులో తిరిగి, ఆడవాళ్ళ పేర్లు అడిగాను. ఎకరాలు, సరిహద్దులు, కాలవ తూములు గడగడ చెప్పే మగాళ్ళు సొంత మేనత్తల పేర్లకి తల గోక్కున్నారు. ఒకాయన వాళ్ళమ్మ పేరు ‘పెద్దమ్మాయి’ అన్నాడు. అది పేరు కాదండీ అంటే, డెబ్భై ఏళ్ళ మనిషి గుమ్మంలో కూర్చుండిపోయాడు. చివరికి పురిటి మంత్రసాని కూతురు చెప్పింది, ఆవిడ పేరు హంసవేణి అని.

అలా రెండు వందల తొమ్మిది పేర్లు పోగేశాను. టైపు చేసిన చీటీ చేసినట్టు వేణ్ణీళ్ళ పొయ్యిలో పెట్టాను, కంప్యూటర్లో ఉందిగదా అని. ఇంకొక్కటే దొరకలేదు. ఎవరిదో తెలుసా? మా నాయనమ్మది. మా తాత చిన్నయ్యగారి భార్యది. నేను ఆవిడ చేతి ముద్దలు తిని పెరిగాను మధూ. ఊరంతా ‘చిన్నయ్యగారి ఇంటావిడ’ అనేవారు, మా నాన్న అమ్మా అనేవాడు, దస్తావేజులో ‘చిన్నయ్య భార్య’ అని వేలిముద్ర ఉంది. చచ్చిపోయేదాకా ఆవిడకో పేరుంటుందని నాకు తట్టలేదు. ఇది రాస్తుంటే కళ్ళు తడుస్తున్నాయి, అదేంటో కళ్ళలోకి కొడుతున్న లైటు వెంకటప్పయ్య ఆర్పటం లేదు.

మే పదిన ఆ కాగితం మీ అక్క చేతిలో పెట్టి రమ్మని అడుగుదామనుకున్నాను. అది లేకుండా ఏ మొహంతో పిలవను? పెళ్ళికొడుకుదైతే అతికించారు, నాదెవరు అతికిస్తారు?

ఇదంతా మీ అక్కకి చెప్పావంటే నీకు విడుదల లేదు.

నీ బావ

* * *

బాపట్ల
30 మార్చి 2026

బావగారికి,

అక్కకి చెప్పలేదు. చెప్పను. మీ ఉత్తరం వచ్చినరోజు ఆవిడ అన్నం తినకపోవటానికి, దీనికి ఏ సంబంధమూ లేదు. వేరే కారణాలుంటాయి.

ఇప్పుడు జాగ్రత్తగా చదవండి. కొన్ని ప్రాసెసర్లలో బొమ్మ చూపించే ఏర్పాటు అసలు ఉండదు. వాటి నంబరు చివర ఇంగ్లీషు ‘ఎఫ్’ అక్షరం ఉంటుంది. మీదాని నంబరు అది వచ్చిన అట్టపెట్టె మీద ఉంటుంది. ఆ పెట్టె మీ అటక మీద, ఆవకాయ జాడీల వెనక, పాత దోమతెర కింద ఉంది. నిచ్చెనకి ఎడమవైపు మెట్టు ఊగుతుంది, కుడివైపు కాలు పెట్టి ఎక్కండి. జాడీ కదపొద్దు.

ఎఫ్ లేకపోతే రెండో పని. ప్లగ్గు పూర్తిగా పీకేయండి. డబ్బా పక్క రేకు తీస్తే లోపల రూపాయి బిళ్ళంత బ్యాటరీ కనిపిస్తుంది. అది తీసి పది నిమిషాలాగి మళ్ళీ పెట్టండి. ‘బొమ్మ కార్డులోంచే రావాలి’ అని ఎప్పుడో ఎవరైనా దానికి చెప్పి ఉంటే, అది మర్చిపోతుంది. తేదీ కూడా మర్చిపోతుంది, పర్లేదు.

నేల మీద గొంతుక్కూర్చుని చేయకండి. మీ నడుము పట్టేస్తే లేపేవాళ్ళు లేరు. పీట వేసుకోండి, పీట మంచం కింద ఉంది. చెయ్యి జిడ్డుగా ఉండకూడదు. ఉత్త అన్నంలో పచ్చడేసుకు తినకుండా నెయ్యి వేసుకోండి. నెయ్యి గిన్నె ఫ్రిజ్జు పైన కాదు, లోపల వెనకవైపు ఉంటుంది.

ఇవన్నీ సాంకేతిక జాగ్రత్తలే.

మధుసూదన్

* * *

తెనాలి
10 ఏప్రిల్ 2026

మధూ,

పెట్టె నువ్వు చెప్పినచోటే ఉంది. దోమతెర కింద. ఎడమవైపు మెట్టు నిజంగానే ఊగుతుంది. నంబరు చివర ఎఫ్ లేదు.

బ్యాటరీ తీశాను. తీయగానే ఎగిరి బీరువా కిందకి దొర్లింది. పప్పుగుత్తితో లాగితే దాంతోపాటు మీ అక్క చెవిదుద్దు శీల కూడా వచ్చింది. పోయిన శ్రావణంలో అది నేనే పారేశానని మూడు రోజులు మాట్లాడలేదు. దాచి ఉంచాను, కడిగించి. బ్యాటరీ మళ్ళీ పెట్టి స్విచ్చి వేశాను. ఫ్యాను తిరిగింది. చప్పుడు చేసింది. తెర నలుపే.

ఇక ఒకటడుగుతాను, సూటిగా చెప్పు. నువ్వు మా అటక ఎప్పుడెక్కావు? నెయ్యి గిన్నె ఎక్కడుంటుందో నీకెలా తెలుసు? మా ఇంటికొస్తే మంచినీళ్ళ గ్లాసు కూడా చేతికి అందించుకునే మనిషివి కదా.

షాపతను మళ్ళీ వచ్చాడు. డిస్కు పీకి వేరేదానికి తగిలించి చూద్దాం అన్నాడు. ఒక్క ముక్క పీకనిచ్చినందుకే ఇంత అయింది, ఇంకో ముక్క పీకనివ్వనని చెప్పాను. ముప్ఫై రోజులుంది మధూ. ఆ పేర్లు చెప్పినవాళ్ళలో హంసవేణి పేరు చెప్పిన ముసలావిడ పోయిన వారం పోయింది. మళ్ళీ తిరిగి అడుగుదామన్నా అందరూ ఉండరు. ఆ డబ్బా అందరి పేర్లూ లోపల పెట్టుకుని, నాకు చూపించకుండా కూర్చుంది. ఏడుపొస్తోంది.

నీ బావ

* * *

బాపట్ల
18 ఏప్రిల్ 2026

బావగారికి,

అటక సంగతి ల్యాబు అనుభవం. ఎవరింట్లోనైనా అట్టపెట్టెలు ఆవకాయ వెనకే ఉంటాయి.

ఇక ఒక్క సంగతి మిగిలింది. ఇది ముందే రాయాల్సింది. రాయటానికి ఈ ఇంట్లో కొంత ఆలస్యమైంది. ప్లగ్గు పీకేసి, మానిటర్ తీగ బయటికి లాగి, టార్చి వేసి ఆ పై రంధ్రంలోకి చూడండి. మీరు మొదట్లోనే రాశారు, బిగుతుగా ఉంది, సగమే దిగిందని. అక్కడ పచ్చగా, ఎర్రగా ఏమైనా గట్టిపడి ఉండొచ్చు.

ఉంటే కోప్పడకండి. పెట్టినవాళ్ళు ఆ డబ్బా చల్లగా ఉండాలనే పెట్టారు. మీరు రోజంతా దాని ముందే కూర్చుంటారు కాబట్టి, మీరు చల్లగా ఉండాలని కూడా.

ఇది రాయించినవాళ్ళెవరూ లేరు. అంతా నా బుర్రలోదే. ఇక్కడ ఎవరూ కళ్ళు తుడుచుకోవటం లేదు.

మధుసూదన్

* * *

తెనాలి
26 ఏప్రిల్ 2026

భువనా,

ఈసారి కవరు మీద నీ పేరే రాశాను. మధు చదువుకుంటే చదువుకోనీ.

టార్చి వేసి చూశాను. గంధం. దాని మీద కుంకుమ. దాని మీద మళ్ళీ గంధం. ఎనిమిది దసరాలది, రాయిలా గట్టిపడి ఉంది. ముందు నవ్వొచ్చింది. తర్వాత మొదటి దసరా గుర్తొచ్చింది.

కంప్యూటర్ కొన్న ఏడాది ఆయుధపూజకి నువ్వు దాని ముందువైపు బొట్టు పెట్టావు. సీడీ పెట్టే అర ఇరుక్కుపోయింది. నేను కేకలేశాను. “ముందేంటి, నీకు బుద్ధుందా? వెనక పెట్టు. ఏ పనికీ రాకుండా ఖాళీగా ఉన్నదానికి పెట్టుకో” అన్నాను. నువ్వు డబ్బా వెనక్కి వెళ్ళి, ఏ తీగా లేని రంధ్రం వెతికి, దానికి పెట్టావు. ఏటా అదే రంధ్రానికి పెట్టావు. పనికిరాదని నేను చూపించినదే, కార్డు పోయాక నాకు దిక్కయింది. ఈ రెండు నెలలు నేను వెంకటప్పయ్యని తిట్టాను, షాపతన్ని తిట్టాను, మదర్‌బోర్డుని తిట్టాను. పూడ్పించింది నేను. నన్ను క్షమించు భువనా.

పొడి పళ్ళబ్రష్షుతో, చీపురుపుల్ల చివరతో, మెల్లగా మధ్యాహ్నమంతా గీకాను. తర్వాత మందులషాపు నుంచి తెచ్చిన స్పిరిట్ దూదికి అద్ది తుడిచి, ఆరనిచ్చాను. గది అంతా పూజగదిలా వాసన. తీగ పెడితే టక్కున దిగింది. స్విచ్చి వేశాను.

తెర వెలిగింది. గట్టిగా అరిచాను. ఎదురింటి నాగలక్ష్మి గరిటెతో పరుగెత్తుకొచ్చి “ఏమైంది బాబాయిగారూ?” అంది. బొమ్మ వచ్చిందమ్మా అన్నాను. ఏ బొమ్మా అని చూసి, ఏమీ అర్థంకాక, ఎందుకైనా మంచిదని కాసిని మజ్జిగ ఇచ్చి వెళ్ళింది.

ఫైలు భద్రంగా ఉంది. రెండు వందల తొమ్మిది మంది ఆడవాళ్ళూ ఉన్నారు. నా పక్కన నువ్వున్నావు. నాయనమ్మ చోటు మాత్రం ఖాళీగానే ఉంది. ఇక దొరకదు. ఆ తరం వాళ్ళు ఎవరూ మిగల్లేదు.

ఇంకో సంగతి. బ్యాటరీ తీశాం కదా, తెర మూల తేదీ 1 జనవరి 2018 అని చూపిస్తోంది. కంప్యూటర్ లెక్క ప్రకారం నువ్వు ఇంకా బాపట్ల వెళ్ళలేదు. నేను ‘ఊరుకో’ అన్న మాట ఇంకా అనలేదు. మార్చబుద్ధి కావటం లేదు.

నీ
చలపతిరావు

* * *

బాపట్ల
30 ఏప్రిల్ 2026

ఏమండీ,

మీ మొదటి ఉత్తరం మధు కంటే ముందు నేనే చదివాను. కవరు మీద మీ రాత చూసి ఆగలేకపోయాను. ఎఫ్ అక్షరం, బ్యాటరీ వాడివి. అటక, పీట, నెయ్యి, గంధం నావి. ఇన్నాళ్ళూ మీతో మాట్లాడనని పంతం పట్టి, వాడి చేత్తో మీతో మాట్లాడుతూనే ఉన్నాను.

తీగ బిగుతుగా ఉందని మార్చిలో మీరు రాసినప్పుడే అది నా గంధమేనని నాకు తెలిసిపోయింది. చెప్తే చదువుతున్నానని తెలిసిపోతుంది. చెప్పకపోతే మీరు ఊరూరా తిరిగి తెచ్చిన పేర్లు పోతాయి. నెలరోజులు నాలో నేనే కొట్టుకున్నాను. ఆ హంసవేణి పేరు చెప్పినావిడ పోయిందని చదివాక ఇక ఆగలేదు. తప్పు మీ ఒక్కరిదే కాదు. గంధం ఒక్క చుక్క చాలు, నేనే కోపంగా ఉన్న ఏడు ఎక్కువ పెట్టేదాన్ని. ఈ దసరా నుంచి బొట్టు పీటకి పెడతాను.

మధుని నిన్న విడుదల చేశాను. తెల్లకాగితం మీద ‘ఇందుమూలంగా నిన్ను వదిలేయడమైనది’ అని రాసి, మీ ఇంటిపేరుతో సంతకం పెట్టి, చేతికిచ్చాను. రాత నాదేనని రెండుసార్లు చూసుకుని, గేటు దాటి, రథం బజారు దాకా వెళ్ళి, ఇడ్లీ తిని వచ్చాడు. బుధవారం పొద్దున రైలుకి నాతో వాడూ వస్తున్నాడు. చెవిదుద్దు శీల జాగ్రత్త.

ఇప్పుడు అసలు సంగతి. మీ నాయనమ్మ పేరు నాకు తెలుసు.

నేను కాపురానికొచ్చిన ఏడాది, పెరట్లో ఆవిడకి తలదువ్వి ముడి వేస్తుంటే చెప్పింది. “ఈ ఇంట్లో ఎవరికీ తెలవదే. నువ్వు గుర్తుపెట్టుకో, ఎవరన్నా అడిగితే చెప్పు” అంది. నేను గుర్తుపెట్టుకున్నాను. నలభై ఒక్క ఏళ్ళు ఎవరూ అడగలేదండి. మీరు ఊరందర్నీ అడిగారు, వేరే ఊళ్ళవాళ్ళనీ అడిగారు. నన్నొక్కదాన్నే అడగలేదు.

అది ఇందులో రాయను. ఆ ఖాళీ అలాగే ఉంచండి, నేనే వచ్చి టైపు చేస్తాను. మీరు పక్కన కూర్చుని అక్షరాలు ఎక్కడున్నాయో చూపిస్తే చాలు.

తేదీ మాత్రం సరిచేసి పెట్టండి. నేను వెళ్ళాను. మళ్ళీ వస్తున్నాను. రెండూ అందులో ఉండాలి.

భువనేశ్వరి